ఒడియా అక్షరాల్లో రాసుకుని తెలుగులో చెప్పిన రేడియో: వంశధార ఒడ్డున నాలుగేళ్ల కేస్ స్టడీ

2021లో, లాక్‌డౌన్‌కి ఇళ్లకి వచ్చేసిన కుర్రాళ్లు ఇంకా సగం మంది ఊళ్లోనే ఉన్న రోజుల్లో, మా వీధి పెద్దాయన ఒకాయన పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకి వెళ్లి, మూడు గంటలు లైన్లో నిలబడి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ముందు రోజు రాత్రి టీవీలో రైతు భరోసా డబ్బు ఖాతాల్లో పడిందని చెప్పారు. చక్కటి తెలుగులో, అర్థమయ్యేలాగే చెప్పారు. ఆయనా తెలుగువాడే, రైతే. కాకపోతే ఆయన పొలం ఒడిశాలో ఉంది, ఆ పథకం ఏటికి అవతల ఆంధ్రలో ఉన్నవాళ్లది. ఆయనకి రావలసింది అప్పట్లో ఒడిశా ప్రభుత్వం రైతులకి ఇచ్చిన కాలియా డబ్బు. దాని సంగతి పంచాయితీ ఆఫీసు గోడకి అంటించిన కాగితంలో ఉంది, ఒడియాలో. ఆయన ఒడియా మాట్లాడతాడు గానీ చదవలేడు.

మాది గజపతి జిల్లా, కాశీనగర్ బ్లాకు. ఇటు మేం, అటు భామిని, కొత్తూరు మండలాలు, మధ్యలో వంశధార. పెళ్లిళ్లు, పండగలు, పాల బాకీలు అన్నీ ఏటికి రెండు వైపులా ఉంటాయి. మా ఒడిశా వైపు పర్లాకిమిడి నుంచి ఆంధ్ర వైపు పాతపట్నానికి ఎంత దూరమో వెళ్లినవాళ్లకి తెలుసు, ఊరు దాటామో రాష్ట్రం దాటామో తెలియదు. అయితే రైతుకి మాత్రం ఆ గీత ప్రతి రోజూ తగులుతుంది. ఎరువుల సబ్సిడీ, పంట బీమా, వడ్లు కొనే పద్ధతి, తుఫాను వచ్చాక నష్టం రాసుకునే మనిషి, అన్నీ వేరు. తెలుగులో వినబడేదంతా అవతల వాళ్లకి పనికొచ్చే సమాచారం, మాకు పనికొచ్చేదంతా ఒడియాలో. నలభై దాటిన మా వాళ్లలో చాలామంది ఈ రెంటి మధ్య ఉండిపోయారు.

నేను అంతకుముందు ఎనిమిదేళ్లు ఒక స్వచ్ఛంద సంస్థలో రైతుల మధ్య పని చేశాను. కరపత్రాలు పంచాను, ఫ్లెక్సీలు కట్టాను, మీటింగులు పెట్టాను. పాస్‌బుక్ సంగతి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ గోడ మీద కాగితం అంటించిన వాళ్లలో నేనూ ఉన్నాను.

ట్రాన్స్‌మిటర్ లేదు

రేడియో అన్నాను గానీ మాకు లైసెన్సు లేదు, టవరూ లేదు, ఇది ముందే చెప్పేస్తున్నాను. మేం చేసింది ఏమిటంటే: వారానికి ఒక ఇరవై నిమిషాల కార్యక్రమం ఫోన్లో రికార్డు చేయడం, సంత రోజున మైకు సెట్టు మీద వేయడం, తర్వాత మెమరీ కార్డుల్లో, బ్లూటూత్‌లో, వాట్సాప్‌లో పంచడం. అంతే. మా ఊళ్లో దీన్ని మొదటి నెల నుంచే "కుర్రోళ్ల రేడియో" అన్నారు, మేమూ అదే పేరు ఉంచేసుకున్నాం.

ఇది మా సొంత ఆలోచన కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 1998లోనే స్టూడియో పెట్టుకుని రికార్డింగులు మొదలుపెట్టారు. అప్పటికి పల్లెటూరి సంఘానికి రేడియో లైసెన్సు ఇచ్చే పద్ధతే మన దేశంలో లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, 2002లో చదువుల సంస్థలకి మాత్రమే తలుపు తీశారు, స్వచ్ఛంద సంస్థలకీ కృషి విజ్ఞాన కేంద్రాలకీ 2006లో గానీ అవకాశం రాలేదు. ఆ మహిళల సంఘం రేడియో గాలిలోకి వచ్చింది 2008 అక్టోబర్ 15న. ఆ మధ్య పదేళ్లూ వాళ్లు ఊరుకోలేదు, క్యాసెట్లు రికార్డు చేసి సంఘాల మీటింగుల్లో వేసుకుని విన్నారు. నాకు ఈ పదేళ్ల సంగతే ఎక్కువ ధైర్యం ఇచ్చింది. మైకు ముందు మాట్లాడే అలవాటు, ఊరికి వినే అలవాటు టవరు కంటే ముందే తయారవ్వాలి, ఆ తర్వాత టవరు వచ్చినా రాకపోయినా ఆ రెండూ పోవు.

ఫోన్ల దారి కూడా ముందే ఎవరో నడిచిందే. ఛత్తీస్‌గఢ్‌లో 2010 నుంచి సీజీనెట్ స్వర అని, గోండీ మాట్లాడేవాళ్లు ఫోన్ చేసి తమ మాట రికార్డు చేసే ఏర్పాటు నడిచింది, ఆ తర్వాత బ్లూటూత్ మీద ఒకరి ఫోన్ నుంచి ఒకరి ఫోన్‌కి పంచుకునే బుల్టూ రేడియో వచ్చింది. నెట్ సిగ్నల్ లేని కొండ ఊళ్లకి బ్లూటూత్ ఎంత పనికొస్తుందో మాకు ఆ అనుభవాల వల్లే తెలిసింది.

మొదట ఏడుగురు చేరారు. నలుగురు కుర్రాళ్లు, ముగ్గురు అమ్మాయిలు, పదిహేడు నుంచి ఇరవై నాలుగేళ్ల లోపు వాళ్లు. ఒకడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసి వచ్చినవాడు, ఒకడు ఆటో నడిపేవాడు, ఇద్దరు అమ్మాయిలు ప్లస్ టూ అయిపోయి ఇంట్లో ఉన్నవాళ్లు. సామాను అంటే రెండు కాలర్ మైకులు, ఒక పాత ల్యాప్‌టాప్, అందులో రికార్డింగుల్ని ఎడిట్ చేయడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్, ఊరి అమ్మవారి గుడి మైకు సెట్టు. మొదటి నెలల్లో గుడి వెనక గదిలో రెండు దుప్పట్లు కట్టి రికార్డు చేశాం. సంతలో మైకు వేయడానికి పోలీసు స్టేషన్‌లో రాసిచ్చి అనుమతి తీసుకున్నాం, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు వేయకూడదన్న రూలు ఎప్పుడూ తప్పలేదు. ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే ఈ కాగితం పని ముందే చేసుకోండి, తర్వాత టెన్షన్ ఉండదు.

"సదువుతన్నావా, మాట్లాడతన్నావా?"

అసలు కష్టం మొదటి రోజే బయటపడింది. నేను తెలుగులో స్క్రిప్టు రాసి ఇచ్చాను. ఏడుగురిలో ఒక్కరికీ చదవడం రాలేదు.

అందరూ తెలుగు ఇళ్లలో పుట్టినవాళ్లే, అందరూ ఒడియా మీడియంలో చదివినవాళ్లే. తెలుగు మాట్లాడతారు, తెలుగు సినిమాలు చూస్తారు, తెలుగులో తిట్టుకుంటారు. అక్షరాలు మాత్రం రావు. ఆ విషయం చెప్పేటప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. అవతలి ఊరి చుట్టాలు "తెలుగోళ్లై ఉండి తెలుగు రాదేటి" అని ఎన్నోసార్లు అన్న మాట వాళ్ల మనసులో అలాగే ఉండిపోయింది. ఒక అమ్మాయి నెమ్మదిగా అడిగింది (అప్ప అంటే మావైపు అక్క): "అప్పా, నాను ఒడియా అచ్చరాల్లో రాసుకుంటే తప్పా?"

తప్పేముంది? ఆ రోజు నుంచి మా స్క్రిప్టులన్నీ ఒడియా అక్షరాల్లో రాసిన తెలుగు. "నారుమడి", "ఊడుపులు", "సుడిదోమ" అన్నీ ఒడియా లిపిలో. పుస్తకంలో చూస్తే అది ఏ భాషో చెప్పలేరు, పైకి చదివితే మా ఊరి మాట. ఈ పిల్లలకి లోటు అనిపించిందే మాకు బలం అని నాకు అప్పుడే అర్థమైంది: బ్లాకు ఆఫీసు కాగితం చదవగలిగేది వాళ్లే, దాన్ని అమ్మమ్మకి చెప్పగలిగేదీ వాళ్లే. ఇటు ఒడియా చదవలేని పెద్దవాళ్లకీ, అటు ఒడియాలోనే పని చేసే ఆఫీసులకీ మధ్య ఆ రెండూ ఉన్న మనుషులు వీళ్లు తప్ప మరొకరు లేరు.

అయినా మొదటి మూడు కార్యక్రమాలు ఎవరూ వినలేదు. మైకు పెట్టగానే పిల్లల గొంతు మారిపోయేది. "రైతు సోదరులారా, ప్రస్తుత వాతావరణ పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని" అని ఎక్కడో విన్న రేడియో భాష అందుకునేవాళ్లు. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. సంతలో వంకాయలు అమ్ముకునే ఒక మామ్మ మా వాడిని పిలిచి, "బావూ, సదువుతన్నావా, మాట్లాడతన్నావా?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఆ ప్రశ్నని మేం గది గోడ మీద ఒడియా అక్షరాల్లో రాసి పెట్టుకున్నాం, ఇప్పటికీ ఉంది.

తర్వాతి వారం నుంచి స్క్రిప్టు చదవడం మానేశాం. విషయాలు మాత్రం చీటీ మీద రాసుకోవడం, ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకుని ఆ మనిషికి చెప్పడం. ఎదురుగా కూర్చునేది ఎవరో ఒకరి అమ్మ, లేకపోతే మేనమామ. ఆవిడకి అర్థం కాకపోతే మధ్యలోనే "ఏటి?" అంటుంది, ఆ "ఏటి"ని కూడా తీసేయకుండా ఉంచేశాం. విన్నవాళ్లు "అదిగో, మన తవిటమ్మే అడిగింది" అని నవ్వుకునేవాళ్లు (పేరు మార్చాను). నాలుగో వారానికి మైకు కింద జనం నిలబడటం మొదలైంది.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోకుండా ఉండలేను. ఆయన ఈ వంశధార ఒడ్డునే పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉద్యోగం చేస్తూ, జనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడారు. కొండ మీది సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం కట్టారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుట్టిన రోజు ఆగస్టు 29న అన్నిచోట్లా తెలుగు భాషా దినోత్సవం చేస్తారు, మా పిల్లలకి మాత్రం అప్పటిదాకా ఆయన పేరే తెలియదు. నేను చెప్పాక ఆటో నడిపే కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే అప్పా, మనం మాట్లాడినట్టే మాట్లాడొచ్చని మన ఊరాయనే సెప్పాడన్నమాట" అన్నాడు.

లెక్కలు, కొలతలు

వ్యవసాయం కార్యక్రమం అంటే పురుగులు, తెగుళ్లు అనుకున్నాం. జనానికి మొదట కావలసి వచ్చింది లెక్కలు.

పట్టా కాగితంలో డెసిమిల్ అని ఉంటుంది, మా పెద్దవాళ్లు సెంట్లలో మాట్లాడతారు. రెండూ ఒకటే, ఎకరంలో వందో వంతు. ఈ ఒక్క మాట చెప్పిన కార్యక్రమం మెమరీ కార్డుల్లో మా లెక్కకి అందనంత దూరం వెళ్లింది. తమ పట్టాలో భూమి తగ్గించి రాశారేమో అని ఏళ్ల తరబడి దిగులు పడినవాళ్లు ఉన్నారని మాకు అప్పుడే తెలిసింది.

వడ్ల ధర కూడా అంతే. సర్కారు క్వింటాల్‌కి ఇంత అని చెబుతుంది, మావైపు బస్తా అంటే 80 కిలోల లెక్క. 2024 ఖరీఫ్‌లో సాధారణ రకం వడ్లకి కేంద్రం ధర 2,300 రూపాయలు, దాని మీద ఒడిశా ప్రభుత్వం 800 కలిపి ఇస్తానంది, మొత్తం 3,100. టీవీలో ఆ అంకె విని కొందరు బస్తాకి 3,100 అనుకున్నారు. మా పిల్లలు కూర్చుని లెక్క కట్టి, "మన బస్తాకి 2,480 పడుతుంది, అందులో 1,840 కేంద్రం ధర, మిగిలిన 640 మన రాష్ట్రం ఇచ్చేది" అని చెప్పారు. రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే టోకెన్ రాదని, టోకెన్ లేకపోతే మండిలో (సర్కారు వడ్లు కొనే చోట) కొనరని అదే కార్యక్రమంలో మూడుసార్లు చెప్పారు.

మండి సంగతి ఇంకొంచెం చెప్పాలి. తేమ ఎక్కువుందని, తాలు ఉందని క్వింటాల్‌కి కొన్ని కిలోలు కోసేయడాన్ని ఇక్కడ "కట్నీ ఛట్నీ" అంటారు. ఒకసారి ఒక మండిలో మా వాళ్లలోనే ఒకడి తండ్రికి అలా జరిగింది. కుర్రాడు రగిలిపోయి, రికార్డు చేసి ఆ మండి పేరు పెట్టి వేసేస్తానన్నాడు. రెండు రోజులు వాదించుకున్నాం. లైసెన్సు ఉన్న కమ్యూనిటీ రేడియోలకే సొంతంగా వార్తలు చెప్పే హక్కు లేదు, ఆకాశవాణి వార్తల్ని ఉన్నవి ఉన్నట్టు వేసుకోవాలంతే. మాకు ఆ నిబంధన వర్తించకపోయినా, మేం చెప్పేది నిరూపించగలమా అన్న ప్రశ్న ఉంది. చివరికి మనిషిని వదిలి నియమాన్ని వేశాం: తేమ 17 శాతం దాకా తీసుకోవాలి, మీటర్ మీద అంకె నీకు చూపించమని అడుగు, ఎండబెట్టి తీసుకెళ్లు, తూర్పారబట్టి తీసుకెళ్లు. ఆ సీజన్‌లో మా ఊరి ఆడవాళ్లు ఇద్దరు మండిలో "మీటర్ సూపించండి బాబూ" అని అడిగారు. చూపించారు. ఒకరికి 16 చిల్లర ఉంది, కోత పడలేదు. ఇంకొకరికి 19, ఆవిడ గోనెలు వెనక్కి తెచ్చి కళ్ళంలో రెండెండలు ఎండబెట్టి తీసుకెళ్లింది. నాకు ఈ రెండో ఆవిడ సంగతే ఎక్కువ ఆనందం ఇచ్చింది.

ఇప్పుడు మా వల్ల జరిగిన నష్టం చెబుతాను. రెండో ఏడాది ఊడుపుల కాలంలో కలుపు మందు గురించి చెప్పాం. కాగితం ఒడియాలో ఉంది, మోతాదు హెక్టారుకి రాసి ఉంది. చదివినవాడు ఎకరానికి అని చెప్పేశాడు. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు, అంటే మందు రెండున్నర రెట్లు. ఎడిట్ చేసిన అమ్మాయి గమనించలేదు, నేను ఆ వారం ఊళ్లో లేను. సంతలో ఒకసారి వేశాక మందుల కొట్టాయనే ఫోన్ చేసి "ఇంత కొడితే నాటు పోతాదమ్మా" అన్నాడు. అప్పటికే ఒకావిడ తన అరవై సెంట్లలో కొట్టేసింది. వేసిన నాటు ఎరుపెక్కి గిడసబారిపోయింది, పంట పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది.

మేం ఏడుగురం ఆవిడ ఇంటికి వెళ్లాం. తప్పు మాదేనని చెప్పాం. ఆవిడ తిట్టలేదు, అదే ఎక్కువ బాధ. ఆ సాయంత్రమే సవరణ రికార్డు చేసి, తప్పు ఎవరు చేశారో, ఎలా జరిగిందో దాచకుండా చెప్పి వరుసగా మూడు సంతల్లో వేశాం. తప్పు చదివినవాడే ఆ సవరణ చెప్పాడు, తనే చెబుతానని పట్టుబట్టాడు. కోత తర్వాత ఆవిడకి తగ్గిన వడ్లలో కొంత మేం చందా వేసుకుని ఇచ్చాం. అప్పటి నుంచి మందు, ఎరువు, మోతాదు ఉన్న ఏ కార్యక్రమమైనా వ్యవసాయ శాఖ గ్రామ కార్యకర్త వినకుండా బయటికి వెళ్లదు. అంకెలు ఇద్దరు వేర్వేరుగా కాగితంతో సరిచూస్తారు, చెప్పేటప్పుడు ఎకరానికి, సెంట్లకి, ట్యాంకుకి మూడు రకాలుగా చెబుతారు. యువత నడిపే రేడియో గురించి మాట్లాడేవాళ్లు ఉత్సాహం గురించి ఎక్కువ మాట్లాడతారు. ఉత్సాహం మా దగ్గర మొదటి రోజు నుంచీ ఉంది, సరిచూసుకునే అలవాటు మాత్రం ఒకావిడ అరవై సెంట్ల మీద నేర్చుకున్నాం.

వరి దుబ్బుల రసం పీల్చే సుడిదోమ మీద కార్యక్రమం ఆ నేర్చుకున్నదాని తర్వాత చేసింది. మోతాదుల జోలికి పోకుండా రైతులనే మాట్లాడించాం. ఒక అత్త చేలోకి దిగి, దుబ్బు విడదీసి, "పైన సూత్తే ఏటి కనబడదు, అడుగున నీటి పక్కన సూడు" అంటూ మైకు ముందే చూపించింది. నీళ్ల చప్పుడు, దుబ్బు తట్టిన చప్పుడు కూడా వచ్చాయి. నీరు తీసి ఆరబెట్టడం, యూరియా దండిగా వేయకపోవడం, నాటేటప్పుడే రెండు మీటర్లకి ఒక కాలిబాట వదలడం, దొరికిన పైరిత్రాయిడ్ మందు కొడితే దోమని తినే సాలీళ్లు చచ్చి దోమ ఇంకా పెరగడం, ఇవన్నీ ఆ అత్త, ఆవిడ పక్క చేను ఆయన వాదించుకుంటూ చెప్పినవే. నిపుణుడు మాట్లాడింది చివర రెండు నిమిషాలే. పల్లపు భూముల వాళ్లు స్వర్ణ సబ్-1 గురించి చెప్పినదీ ఇలాగే చేశాం. ఏరు పొంగి చేను మునిగినా రెండు వారాల దాకా తట్టుకునే రకం అది, 2009లో విడుదలైంది, మావైపు చాలామందికి స్వర్ణ తెలుసు గానీ దీని తేడా తెలియదు.

కార్యక్రమం అయ్యాక పది నిమిషాలు మైకు ఆపి మాట్లాడుకోవడానికి వదిలేస్తాం. ఇది 1956 నాటి పాఠం. అప్పట్లో ఆకాశవాణి పుణె కేంద్రం యునెస్కో సాయంతో ఇప్పటి మహారాష్ట్రలోని 150 ఊళ్లలో రైతు చర్చా మండళ్లు నడిపింది, విన్నాక కూర్చుని మాట్లాడుకోవడం, ప్రశ్నలు తిరిగి స్టేషన్‌కి పంపడం దాని పద్ధతి. మా ప్రశ్నలన్నీ ఆ పది నిమిషాల్లోనే వస్తాయి, వచ్చే వారం కార్యక్రమం కూడా అక్కడే తయారవుతుంది.

గులాబ్ రాత్రి

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది, సెల్ టవర్లు పోయాయి, వంశధార పొంగింది. మా జిల్లాలోనే కొండ మీద బరాఘర ఊళ్లో కొండచరియ విరిగిపడి పది మందికి పైగా పోయారు. తెలుగు టీవీలో ముందు రోజంతా చెప్పారు, కానీ శ్రీకాకుళం మండలాల పేర్లే చెప్పారు. మా ఊరి పేరు వినబడకపోతే మనకి కాదులే అనుకునేవాళ్లు ఉంటారు. ఉన్నారు.

అందుకే 2021 సెప్టెంబర్ 26న గులాబ్ తుఫాను కళింగపట్నం, గోపాల్‌పూర్ మధ్య తీరం దాటబోతోందని తెలిసినప్పుడు మా రేడియోకి ఇంకా మూడు నెలలే అయినా మా కుర్రాళ్లు ఊరుకోలేదు. ఆటోకి బాకా కట్టారు. జిల్లా వాళ్లు ఒడియాలో పంపిన హెచ్చరికని గంటగంటకీ తెలుగులో చెప్పుకుంటూ నాలుగు ఊళ్లు తిరిగారు. వాళ్లు చెప్పిన మాటలు నా దగ్గర ఇంకా ఉన్నాయి: ఏ బడిలోకి వెళ్లాలి, పశువుల పలుపులు విప్పేయండి, ఏటి పక్క పాకల్లో ఉన్నవాళ్లు చీకటి పడకముందే రండి, పాస్‌బుక్కూ పట్టా కాగితం ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి. ప్రతి ఊరి దగ్గరా ఆ ఊరి పేరు, వీధి పేరు పెట్టి పిలిచారు. చీకటి పడ్డాక వాన మొదలైంది, అప్పటికి ఏటి పక్క పాకలన్నీ ఖాళీ. ఆ పాకలవాళ్లు బడిలో కూర్చుని టీ తాగుతుంటే చూసి, సెంట్రింగ్ పని చేసి వచ్చిన కుర్రాడు మళ్లీ హైదరాబాద్ వెళ్లడం ఒక ఏడాది వాయిదా వేసుకున్నాడు.

ఎవరు మిగిలారు

ఒక ఏడాదే. తర్వాత వెళ్లిపోయాడు. మొదటి ఏడుగురిలో ఇప్పుడు ఊళ్లో ఉన్నది ఇద్దరు. ముగ్గురు కుర్రాళ్లు విశాఖ, హైదరాబాద్, చెన్నైలో పనుల్లో ఉన్నారు, ఇద్దరు అమ్మాయిలకి పెళ్లిళ్లయ్యాయి. యువతతో నడిచే ఏ పనికైనా ఇది తప్పదు, దీన్ని నేను వైఫల్యం అనుకోవడం మానేశాను. ఇరవై ఏళ్ల కుర్రాడికి నెలకి పదిహేను వేలు కావాలి, మా దగ్గర పదిహేను వందలు కూడా లేవు. అందుకని జంటలు పెట్టాం. ప్రతి పనికీ ఒక పెద్ద, ఒక చిన్న. ఎడిటింగ్ చేసే అమ్మాయి పక్కన తొమ్మిదో తరగతి పిల్ల కూర్చుంటుంది. పెద్దది వెళ్లేనాటికి చిన్నదానికి చేతికి పని వచ్చి ఉంటుంది. పెళ్లై గుణుపురం దగ్గర ఊరికి వెళ్లిన అమ్మాయి అక్కడి నుంచి పత్తి చేలో మాటలు రికార్డు చేసి వాట్సాప్‌లో పంపుతోంది, ఇది మేం అనుకోని లాభం.

అమ్మాయిల సంగతిలో ఒకటి చెప్పాలి. మొదట్లో వాళ్లని సంతకి పంపడానికి ఇళ్లలో ఒప్పుకోలేదు. మేం వాదించలేదు. వాళ్లు ఇళ్లలోనే, ఊడుపుల దగ్గర, నూర్పుల దగ్గర తల్లులతో, అత్తలతో మాట్లాడించి తెచ్చారు. మగపిల్లలు తెచ్చిన రికార్డింగుల్లో ఆడవాళ్లు ఎప్పుడూ "ఆయన్ని అడగండి బాబూ" అంటారు. అమ్మాయిలు తెచ్చిన వాటిలో అదే ఆడవాళ్లు విత్తనం గురించి, కూలి గురించి, మందు కొట్టిన రోజు రాత్రి కళ్లు మండటం గురించి అరగంట మాట్లాడారు. ఆ మాటలు సంతలో వినబడ్డాక ఇళ్లలో అభ్యంతరాలు వాటంతట అవే తగ్గాయి.

లైసెన్సు గురించి చాలామంది అడుగుతారు. అడగాల్సిందే. నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు రిజిస్టరై పని చేసిన సంస్థ కావాలి, మా బృందం రిజిస్టరయ్యి రెండేళ్లే. ప్రసార శక్తి 100 వాట్ల లోపు ఉండాలి, టవరు 30 మీటర్లు మించకూడదు. ఏటి వెంట పల్లపు ఊళ్లకి అది బాగానే అందుతుంది, కొండ వెనక ఊళ్లకి అందదు, ఎఫ్ఎం తరంగం కొండ దాటి వంగదు. ప్రతి కార్యక్రమం మూడు నెలలు దాచి ఉంచాలి, అది మేం ఇప్పటికే చేస్తున్నాం. 2024 మార్గదర్శకాల్లో గంటకి 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చన్నారు, ప్రభుత్వ ప్రకటనలకి రేటు అప్పుడు పది సెకన్లకి 74 రూపాయలన్నారు. విత్తనాల కొట్లు, ట్రాక్టర్ షెడ్లు ఉన్న కాశీనగర్, పర్లాకిమిడి చుట్టుపక్కల దాంతో ఇద్దరికి జీతం ఇవ్వగలమా అని లెక్క వేస్తున్నాం. మందుల కంపెనీల ప్రకటనలు తీసుకోకూడదని మాత్రం పిల్లలు ఇప్పుడే తీర్మానం రాసుకున్నారు, ఆ అరవై సెంట్ల ఆవిడ్ని కూర్చోబెట్టుకుని.

కొండ దాటని తరంగం గురించి చెప్పాను కదా. గుమ్మ వైపు కొండల నుంచి సవర ఆడవాళ్లు మా సంతకి పసుపు, అల్లం, చింతపండు, కొండచీపుర్లు తెచ్చుకుంటారు. మా తెలుగు కార్యక్రమం జరుగుతుంటే బేరం చూసుకుంటూనే ఉండేవాళ్లు. పోయిన ఏడాది వాళ్లతో వచ్చిన ఒక కుర్రాడు, పర్లాకిమిడిలో చదువుకుంటున్నాడు, ఒక మెమరీ కార్డు అడిగి తీసుకెళ్లాడు. రెండు వారాల తర్వాత అందులో పదకొండు నిమిషాల సవర మాట రికార్డు చేసి తెచ్చాడు. మాలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. పసుపు రేటు గురించి వాళ్ల అమ్మ మాట్లాడిందని, పర్లాకిమిడిలో షావుకారు ఎంతకి అమ్ముతున్నాడో ఇక్కడ ఎంతకి కొంటున్నాడో చెప్పిందని వాడే ఒడియాలో మాకు వివరించాడు. అంకెలు మా పద్ధతిలోనే ఇద్దరం సరిచూశాం. సంతలో వేశాం. పసుపు మూటల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు ఒక్కసారిగా తలలెత్తి బాకా వైపు చూశారు. ఒకావిడ లేచి వచ్చి, మళ్లీ వేయమని చేత్తో సైగ చేసింది.